ఊరేగింపులో చూపరి స్థానం: రోమ్ ముద్రాచిత్రం నుంచి తిరుపతి దొరవేషం వరకు

ఊరేగింపు అనే మాటలో ‘ఊరు’, ‘ఏగు’ అనే రెండు పదాలున్నాయి. ఊరిలో తిరగడం దాని అర్థం. రాయలసీమలో దీనినే మెరవణి అంటారు. మొదటి పదంలో నడక ఉంది, రెండవ పదంలో మెరుపు ఉంది. మెరుపు ఉందంటే దానిని చూసే కన్ను ఒకటి ఉండాలి. తెలుగు కావ్యాలలో రాజు పురవీధిలో వెళ్లే ఘట్టాలను సాహిత్య చరిత్రలు సాధారణంగా వర్ణనల కింద జమకట్టి, పునరుక్తులని పక్కన పెడతాయి. ఆ ఘట్టాలలో చూసే కన్ను చేసే పనిని గుర్తిస్తే అవి అలంకారప్రాయం కావనీ, రాచరికం తనను తాను నిరూపించుకునే స్థలాలనీ తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ పనిని పరిశీలిస్తుంది. ఇందుకోసం ఒక ఐరోపా ముద్రాచిత్రాన్ని, విజయనగర శిల్పాన్ని, కావ్యసంప్రదాయాన్ని, తిరుమల ఉత్సవాన్ని, తిరుపతి గంగ జాతరను వరుసగా పోల్చి చూస్తుంది. వీటి మధ్య చారిత్రక సంబంధం ఉందని ఈ వ్యాసం వాదించడం లేదు. ఇది నిర్మాణపరమైన పోలిక మాత్రమే.

రోమ్, 1633

ఫ్లోరెన్సు చిత్రకారుడు స్తెఫానో దెల్లా బెల్లా (1610–1664) ఎచింగ్ పద్ధతిలో ప్రసిద్ధుడు. రాగి రేకుకు మైనం వంటి పూత పూసి, సూదితో దానిమీద గీస్తారు. గీసినచోట పూత తొలగి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే గీత మేరకు రాగి తినివేయబడి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి తడి కాగితం మీద అచ్చు వేస్తారు. ఉలితో లోహాన్ని తొలిచేటప్పుడు ఉండే శ్రమ ఇక్కడ చేతికి లేదు. అందువల్ల గీత కలంతో రాసినంత వేగంగా సాగుతుంది. వందలాది మనుషులను, గుర్రాలను సన్నని గీతలలో నిలపడానికి ఈ పద్ధతి అనువైనది. అంతకుముందే లొరేన్ ప్రాంతానికి చెందిన జాక్ కాలో (1592–1635) కొలువు వేడుకలను ఈ పద్ధతిలో చిత్రించి పేరు పొందాడు. దెల్లా బెల్లా అతని మార్గంలో నడిచినవాడే.

1633లో పోలెండు రాజు నాలుగవ వ్లాదిస్లావ్ పంపిన రాయబారి యెర్జీ ఒస్సోలిన్‌స్కీ పోపు ఎనిమిదవ అర్బన్ దర్శనార్థం రోమ్ నగరంలో ప్రవేశించాడు. ఆ ప్రవేశాన్ని దెల్లా బెల్లా ఆరు రేకుల మీద చిత్రించాడు. ఆరింటినీ పక్కపక్కన చేరిస్తే ఒకే పొడవైన వరుస అవుతుంది. సామాను మోసే ఒంటెలు, తూర్పుదేశాల అలంకారాలతో గుర్రాలు, సాయుధులైన పరివారం, ఆపై రాయబారి, ఇలా ఒక బృందం వెనుక మరొకటి సాగుతుంది. రాయబారి గుర్రాలకు బంగారు లాడాలను కావాలనే వదులుగా బిగించారనీ, అవి వీధిలో ఊడిపడి జనానికి దొరికేలా చేశారనీ ప్రసిద్ధమైన కథ ఒకటి ఉంది. వేడుకకు జనం దృష్టి ఎంత అవసరమో ఆ కథ తెలుపుతుంది. చిత్రం మాత్రం తన శ్రద్ధనంతా వరుసమీదే నిలుపుతుంది. ఎవరి తరువాత ఎవరు, ఎవరి చేతిలో ఏమిటి, ఎవరి తలపాగా ఎలాంటిది అన్నవే దానికి ముఖ్యం.

ఇది చిత్రకారుని లోపం కాదు. ముద్రాచిత్రం చేయవలసిన పనే అది. ఊరేగింపు కొన్ని గంటలలో ముగిసిపోతుంది. అచ్చుపడిన కాగితం ఆనాడు రోమ్‌లో లేనివారికి, ఆనాటికి పుట్టనివారికి కూడా చేరుతుంది. వరుసను చూసే కన్ను చిత్రం లోపల ఉండనవసరం లేదు. కాగితాన్ని చేతపట్టుకున్న మనిషే చూపరి. ఈ విషయాన్ని గుర్తుంచుకుని విజయనగరానికి వద్దాం.

వరుసను చెక్కిన శిల్పం

హంపిలోని హజారరామాలయ ప్రాకారపు బయటిగోడ మీద కూడా వరుసలే కనిపిస్తాయి. అడుగున ఏనుగులు, వాటిపైన గుర్రాలు, ఆపైన సైనికులు, ఇంకా పైన నాట్యకత్తెలు ఒకే దిశలో సాగుతున్నట్లు శిల్పి చెక్కాడు. మహానవమి దిబ్బ అంచులమీద ఏనుగులు, గుర్రాలు, వేట, కోలాటం, వాద్యాలు ఉన్నాయి. అక్కడక్కడా ఆసీనుడైన రాజు వాటిని చూస్తుంటాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పయస్ మహానవమి ఉత్సవాన్ని వివరంగా వర్ణించాడు. నగల బరువు మోయలేక ఇతరుల ఆసరాతో నడిచే అంతఃపుర స్త్రీలు అతని వర్ణనలో ఉన్నారు. ఈ ఉత్సవంలో రాజు వీధిలో ఊరేగడం కంటే, రాజ్యమే రాజు ఎదుట ఊరేగడం ప్రధానం. సామంతులు, సేనలు, గుర్రాలు ఆయన కంటి ముందు నుంచి సాగిపోతాయి.

రోమ్ చిత్రంలో చూపరి కాగితానికి బయట ఉన్నాడు. మహానవమి దిబ్బ మీద చూపరి రాజే. రెండుచోట్లా వీధిలోని మనిషికి చెప్పుకోదగ్గ స్థానం లేదు. ఆ స్థానాన్ని ఇచ్చింది కావ్యమే.

కిటికీ దగ్గరి కన్ను

నాయకుడు నగరంలో ప్రవేశించగానే స్త్రీలు చేస్తున్న పనులు వదిలి మేడలమీదికి పరుగెత్తే ఘట్టం సంస్కృతకావ్యాలలో స్థిరపడిన సంప్రదాయం. అశ్వఘోషుని బుద్ధచరితం మూడవ సర్గలో సిద్ధార్థుని చూడటానికి పురస్త్రీలు గవాక్షాల దగ్గర గుమికూడతారు. కాళిదాసు రఘువంశం ఏడవ సర్గలో అజుని కోసం, కుమారసంభవం ఏడవ సర్గలో పెండ్లికొడుకైన శివుని కోసం ఇదే సంభ్రమం కనిపిస్తుంది. ఈ రెండు సర్గలలోనూ కొన్ని శ్లోకాలు ఉమ్మడిగా ఉండటం ప్రసిద్ధమే. సగం ముడిచిన జుట్టు, ఒక కంటికే పెట్టిన కాటుక, తడి ఆరని లత్తుక అడుగులు ఈ ఘట్టపు చిహ్నాలు. ఇక్కడ కవి చూపేది ఊరేగింపును కాదు. ఊరేగింపు చూపరిలో కలిగించిన అస్తవ్యస్తతను చూపుతాడు. నాయకుడు ఎంతటివాడో ఏనుగుల సంఖ్య చెప్పదు. సగంలో ఆగిపోయిన అలంకరణ చెబుతుంది.

బుద్ధచరితంలో ఈ ఘట్టానికి ఒక అదనపు కోణం ఉంది. రాజు తన కుమారుని కంట పడకూడదని వీధినుంచి ఆర్తులను, వికలాంగులను తొలగింపజేస్తాడు. అయినా సిద్ధార్థునికి వృద్ధుడు కనిపిస్తాడు. అందరూ చూడవలసిన రాకుమారుడు తానే చూపరి అవుతాడు. ఆ చూపు అతని జీవితాన్ని మార్చివేస్తుంది. వీధిలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో రాచరికం నిర్ణయించబోతుందనీ, ఆ నిర్ణయం ఎల్లప్పుడూ ఫలించదనీ ఈ సంప్రదాయపు తొలిదశలోనే ఒక కవి గుర్తించాడన్నమాట.

తంజావూరు నాయకరాజుల కాలానికి ఈ ఘట్టం మరింత కేంద్రస్థానానికి వచ్చింది. దెల్లా బెల్లా రోమ్ ఊరేగింపును గీస్తున్న ఆ సంవత్సరాలలోనే తంజావూరులో రఘునాథనాయకుని పాలన ముగిసి ఆయన కుమారుడు విజయరాఘవనాయకుని పాలన మొదలైంది. విజయరాఘవుడు తండ్రినే నాయకునిగా చేసి రఘునాథనాయకాభ్యుదయాన్ని రచించాడు. రాజు పురవీధులలో వెళ్లడం, అతనిని చూసిన యువతి మోహించడం ఇందులో కథను నడిపే ఘట్టం. రాజు జయించవలసిన శత్రువు కంటే, అతనిని చూసి వివశురాలు కావలసిన స్త్రీయే కావ్యానికి ఎక్కువ అవసరమైంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 1992లో ప్రచురించిన గ్రంథంలో నాయకరాజుల కాలంలో రాజుకూ దేవునికీ మధ్య దూరం తగ్గిపోయిందని ప్రతిపాదించారు. ఆ మార్పు వీధిలో జరిగిందన్నది గమనార్హం. దేవుని ఉత్సవమూర్తిని చూసే కన్నులతోనే రాజునూ చూడాలని కావ్యం కోరింది.

దక్షిణాంధ్ర సాహిత్యంలో శృంగారం మితిమీరిందన్న ఆక్షేపణ పాతదే. ఆ శృంగారాన్ని రాజకీయ నిర్మాణంగా చదివితే అసలు లోపం వేరొకటని తెలుస్తుంది. మేడమీది స్త్రీకి చూసే హక్కు ఉంది కాని, చూసి ముఖం తిప్పుకునే హక్కు లేదు. చూసిన ప్రతి స్త్రీ మోహించి తీరవలసిందే. పైగా ఆ చూపును రాసినవాడు సింహాసనం మీద ఉన్న కుమారుడు. అధికారం తనకు కావలసిన చూపరిని తానే సృష్టించుకుంది. ముద్రాచిత్రం పక్కన పెట్టిన చూపరికి కావ్యం లోపల చోటు ఇచ్చింది. అయితే ఆ చోటులో ఒకే ఒక అనుమతిని మిగిల్చింది.

చేతులు జోడించిన రాజు

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయల లోహప్రతిమ ఉంది. ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి ఉన్నారు. ముగ్గురూ అంజలి ఘటించి నిలబడ్డారు. ప్రతిమల భుజాలపై వారి పేర్లు చెక్కి ఉన్నాయి. రాయలు 1513 నుంచి 1521 వరకు ఏడుమార్లు తిరుమలకు వచ్చాడని చరిత్రకారులు లెక్కకట్టారు. విజయనగరంలో రాజ్యాన్ని తన కంటి ముందు నడిపించుకున్న ఆ రాజు ఇక్కడ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మలయప్పస్వామి మాడవీధులకు బయలుదేరేదీ, తిరిగివచ్చేదీ ఆ ద్వారం గుండానే. అంటే ఉత్సవాన్ని చూసే సామాన్యుని భంగిమనే రాజు తన శాశ్వత రూపంగా ఎంచుకున్నాడు. భుజంపై చెక్కిన పేరు మాత్రం ఆయనను మిగతా భక్తుల నుంచి వేరుచేస్తుంది.

బ్రహ్మోత్సవాలలో నాలుగవనాటి రాత్రి జరిగేది సర్వభూపాల వాహనసేవ. భూపాలురందరూ కలిసి స్వామికి వాహనమయ్యారన్నది దాని భావన. మరునాటి ఉదయం స్వామి మోహినీ రూపంలో పల్లకీలో వస్తాడు. ముందురోజు రాత్రి రాజుల భుజాలమీద వెళ్లినవాడు తెల్లవారేసరికి స్త్రీవేషంలో వీధికి రావడం ఉత్సవక్రమంలో యాదృచ్ఛికమే కావచ్చు. తిరుపతి జాతరను కూడా చూసినవారికి మాత్రం ఆ క్రమం గుర్తుండిపోతుంది.

చూపు నిష్క్రియం కాదన్న ఎరుక కూడా ఈ సంప్రదాయంలో ఉంది. రాయల ఆముక్తమాల్యదకు విష్ణుచిత్తీయమని మరొక పేరు. ఆ విష్ణుచిత్తుని గురించి శ్రీవైష్ణవ సంప్రదాయంలో ప్రసిద్ధమైన కథ ఒకటుంది. పాండ్యరాజు ఆయనను ఏనుగుపై ఊరేగిస్తుండగా విష్ణువు గరుడారూఢుడై ఆ వేడుకను చూడవచ్చాడు. భక్తుడు తనకు దక్కిన గౌరవానికి పొంగిపోలేదు. ఇంతమంది కళ్లు పడి స్వామికే దిష్టి తగులుతుందేమోనని కలతచెంది స్వామికి మంగళాశాసనం పాడాడు. దృష్టి అనే మాటే మన వ్యవహారంలో దిష్టి అయింది. చూడటం అంటే సోకడం. ఊరేగింపుకు చూపరి కన్ను ఎంత అవసరమో అంత ప్రమాదం కూడా. హారతి ఇవ్వడం, గుమ్మడికాయ కొట్టడం ఈ ఎరుకనుంచి వచ్చినవే. కావ్యంలోని పురస్త్రీ కన్నుకు లేని శక్తిని వీధిలోని ఆచారం గుర్తించింది. ఆ శక్తి పూర్తిగా బయటపడేది కొండ దిగువన.

పాలెగాడు బయటికి వచ్చిన రోజు

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ శ్రీవేంకటేశ్వరునికి చెల్లెలని స్థానికుల నమ్మకం. జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది. ఏటా వేసవిలో అవిలాల నుంచి సారె రావడంతో, చాటింపుతో జాతర మొదలవుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు ఇలా రోజుకొక వేషం ఊరిలో తిరుగుతుంది. ప్రధాన వేషాలు ధరించే హక్కు కైకాల కుటుంబానిది. దీనికి ఆధారమైన కథను స్థూలంగా ఇలా చెబుతారు: ఊరిలోని ఆడపిల్లలను చెరిచే పాలెగాడొకడు గంగమ్మ మీద కూడా కన్ను వేస్తాడు. ఆమె నిజరూపం చూసి భయపడి పారిపోయి దాక్కుంటాడు. ఆమె వేషం వెంట వేషం మార్చి అతనికోసం వీధివీధీ వెదుకుతుంది. చివరికి దొర వేషంలో రాగా, ఎవరో దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వస్తాడు. గంగమ్మ అతని తల నరుకుతుంది. మరునాడు మాతంగి వేషంలో వెళ్లి అతని భార్యను ఓదారుస్తుంది.

కావ్యంలోని ఊరేగింపు ఘట్టాన్ని ఈ కథ పక్కన పెడితే నిర్మాణం అచ్చంగా తిరగబడటం కనిపిస్తుంది. కావ్యంలో ఊరేగేవాడు రాజు, ఇంట్లోనుంచి బయటికి వచ్చేది స్త్రీ. జాతరలో దొరగా ఊరేగేది స్త్రీ, దాగినచోటు నుంచి బయటికి వచ్చేవాడు పాలకుడు. కావ్యంలో చూపు మోహానికి దారితీస్తుంది. జాతరలో చూపు మరణానికి దారితీస్తుంది. బైరాగికి, తోటికి బయటపడని పాలెగాడు దొరకు మాత్రం బయటపడ్డాడు. ఎందుకంటే తన స్థాయి మనిషి ఊరేగింపును గౌరవించడం అతనికి అలవాటు. ఏ మెరుపుతో అతను ఊరిని లొంగదీశాడో ఆ మెరుపే అతనిని పట్టించింది. రాజచిహ్నాలు ఎవరు ధరిస్తే వారే రాజుగా కనబడతారన్న రహస్యాన్ని జాతర ఏటా వీధిలో బయటపెడుతుంది. రాచరికపు వేషానికి ఇంతకంటే పదునైన విమర్శ కావ్యాలలో వెదికినా దొరకడం కష్టం.

ఇక్కడ చూపరి స్థానం కూడా మారింది. వేషం వీధిలో సాగిపోదు, ఇంటి గడప దగ్గర ఆగుతుంది. ఇంటి స్త్రీలు పాదాలకు నీళ్లు పోసి, హారతి ఇస్తారు. మేడమీద కిటికీకి పరిమితమైన పురస్త్రీ ఇక్కడ గడప దిగి ఊరేగింపును తాకుతుంది. మామూలు మగవారు, పిల్లలు మొక్కు తీర్చుకోవడానికి చీరకట్టి స్త్రీవేషం వేసి జాతరకు వస్తారు. చూపరికీ వేషధారికీ మధ్య గీత చెరిగిపోతుంది. జాయిస్ ఫ్లుకిగర్ ఈ జాతరపై 2013లో ప్రచురించిన గ్రంథానికి ‘లోకం స్త్రీమయమైన వేళ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఈ కారణంగానే సముచితంగా అనిపిస్తుంది.

ఈ విశ్లేషణకు ఒక ఆక్షేపణ ఉంది. దొరవేషం ధరించేది పురుషుడే. స్త్రీ ప్రతీకారాన్ని కూడా పురుషదేహమే ప్రదర్శిస్తున్నప్పుడు అది నిజమైన తిరుగుబాటు ఎలా అవుతుంది? జాతర ముగిశాక ఊరిలో స్త్రీల స్థితి మారిపోతుందని ఎవరూ చెప్పలేరు. అయితే మగవాడు ఏడాదికొకసారి పాలెగాని పక్షాన కాక, వాని తల తీసే స్త్రీ పక్షాన నిలిచి వీధిలో నడవాలని ఆచారం నిర్బంధించడం చిన్న విషయం కాదు. పైగా కథ వధతో ఆగలేదు. మాతంగి వేషం పాలెగాని భార్య దగ్గరకు వెళ్లింది. ఏ రాజు ఊరేగింపు కావ్యమూ, ఏ విజయయాత్రా శిల్పమూ ఓడినవాని ఇంటి గడపదాకా వెళ్లి ఆగినట్లు ఈ వ్యాసం పరిశీలించిన వాటిలో లేదు.

ముగింపు

ముద్రాచిత్రం, శిల్పం ఊరేగింపును వరుసగా చూపాయి. కావ్యం దానిని చూపరి కంటిలో చూపి, ఆ కన్నుకు మోహం తప్ప మరో దారి లేకుండా చేసింది. తిరుమల ద్వారం దగ్గర రాజే చూపరి అయ్యాడు. గంగ జాతర ఊరేగింపును ఆయుధంగా మార్చి, చూపరిని దానిలో భాగస్థుని చేసింది. ఈ క్రమం కాలక్రమం కాదు. అధికారం ఎదుట నిలబడిన మనిషికి ఎంత చోటు దక్కిందో తెలిపే కొలమానం.

మన పాఠ్యప్రణాళికలలో రాజు ఊరేగింపు ప్రాచీన సాహిత్యం పత్రంలోనూ, గంగమ్మ వేషాలు జానపద విజ్ఞానం పత్రంలోనూ ఉంటాయి. రెండింటినీ వేర్వేరు గదులలో చదివిన విద్యార్థికి ఒకదానిలో ప్రశ్న, మరొకదానిలో జవాబు ఉన్నాయని తెలిసే అవకాశం తక్కువ. మేడమీది స్త్రీ రాజును చూసి మోహించకపోతే ఏమయ్యేదో కావ్యం చెప్పలేదు. తిరుపతి వీధి ఆ సంగతిని ఏటా చెబుతూనే ఉంది. రెండింటినీ ఒకే పాఠంగా చదవడం ఇకనైనా మొదలుపెట్టాలి.